పాదాలకు క్లోజప్ వుండదా?

హీరోయిన్ కళ్ల మీద మన సినిమా పత్రికలు ఎన్ని టన్నుల కాగితం ఖర్చు పెట్టాయో లెక్కలేదు. కళ్లయ్యాక ముక్కు, ముక్కయ్యాక నడుం, నడుమయ్యాక జడ. పాదాల దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోతుంది. సినిమాలోనూ అంతే చూడండి. గజ్జె కట్టేటప్పుడు ఒక షాటు, పారాణి పెట్టేటప్పుడు ఒక షాటు, మెట్టెలు తొడిగేటప్పుడు ఒక షాటు. ఆ పైన కెమెరా మళ్లీ ముఖమ్మీదికే పోతుంది.

ఆ ఒక్క షాటూ చాలాసార్లు హీరోయిన్‌గారి పాదం కూడా కాదు. మీరు నవ్వినా సరే, నిజం చెబుతున్నాను. గ్రూపులో ఎవరి వేళ్లు తిన్నగా, గోళ్లు శుభ్రంగా వుంటే వాళ్లని పిలిచి పీట మీద కూర్చోబెట్టేవాళ్లు. 1986లో నా కుడి పాదం ఒక పెద్ద హీరోయిన్ పాదంగా నటించింది. ఆవిడ పేరు మాత్రం అడక్కండి, చెప్పను. థియేటర్లో మా అమ్మ ఒక్కతే గుర్తుపట్టింది, "ఆ పుట్టుమచ్చ మనదేనే" అని.

అదే కుడి పాదానికి 2018లో ఆపరేషన్ అయింది. బొటనవేలి పక్కన ఎముక కోసి, సరిచేసి, మరమేకులు బిగించారు. ఈ వారం ఆ సంగతులే మాట్లాడుకుందాం. హీరోల కబుర్లు ఒక్క వారం ఆగినా కొంప మునగదు లెండి.

ఎందుకీ గోల అంటారా? ఈ నెల వచ్చిన వుత్తరాల్లో (ఇప్పుడు వుత్తరాలంటే సగం ఫోన్లో వచ్చేవే అనుకోండి, నేను మాత్రం వుత్తరాలనే అంటాను) ఒకటి నన్ను రెండు రాత్రులు నిద్ర పోనివ్వలేదు. కృష్ణా జిల్లా నుంచి ఒక చెల్లాయి రాసింది. డిగ్రీ రెండో సంవత్సరం, పందొమ్మిదేళ్లు. కూచిపూడి ఆరేళ్లు నేర్చుకుంది, ఇప్పుడు సినిమా డాన్సు నేర్చుకుంటోంది. రెండు కాళ్లకీ బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకు వచ్చిందట. డాన్సు చేసిన వీడియో పెడితే ఎవడో కింద "ముఖం చందమామ, కాళ్లు అల్లం కొమ్ములు" అని రాశాడట. వేసవిలో హైదరాబాదులో గ్రూపు డాన్సర్ల సెలక్షన్ వుంది. సంక్రాంతికి గుట్టుగా ఆపరేషన్ చేయించుకుంటే వేసవికి సిద్ధమైపోవచ్చా అని అడుగుతోంది. డబ్బుకేం చేస్తుందంటారా? మెళ్లో గొలుసు అమ్మేస్తుందట. ఇంట్లో చెప్పలేదు. "నొప్పేం లేదక్కా, బిగుతు బూట్లేసుకుంటే తప్ప" అని చివర్లో చిన్నగా రాసింది.

ఆ చివరి వాక్యమే అసలు సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ ఎముక ఏమిటో చూద్దాం.

దీన్ని ఇంగ్లీషులో బునియన్ అంటారు. డాక్టర్లు కాగితం మీద 'హాలక్స్ వాల్గస్' అని రాస్తారు. పేరు చూసి బెదిరిపోకండి, లాటిన్‌లో 'బయటికి తిరిగిన బొటనవేలు' అని అర్థం, అంతే. మనవాళ్లు "ఎముక పెరిగింది" అంటారు. నిజానికి అక్కడ పెద్దగా పెరిగేదేం లేదు. పాదంలో బొటనవేలి వెనకాల పొడుగాటి ఎముక ఒకటి వుంటుంది. అది మెల్లగా రెండో పాదం వైపుకి వాలుతుంది. బొటనవేలేమో దానికి ఎదురుగా, పక్క వేలి వైపుకి ఒరుగుతుంది. ఈ రెండూ కలిసే కీలు దగ్గర మోచెయ్యి మడిచినట్టు ఒక మూల ఏర్పడుతుంది. మనకి బయటికి గుబ్బలా కనిపించేది ఆ మూలే. దాని మీద చెప్పు ఒరుసుకుని చర్మం ఎర్రబడి, కింద నీటి తిత్తి వాస్తుంది. అప్పుడు మొదలవుతుంది సలుపు.

ఇంకో చిక్కుంది. వేలు కాస్త వంగాక, దాన్ని లాగే నరాలు (డాక్టర్లు వీటిని నరాలనరు, స్నాయువులంటారు) వింటినారిలా పక్కకి జరిగి, వేలిని ఇంకా వంచుతాయి. అంచేత ఒకసారి మొదలైంది దానంతటది వెనక్కి రాదు. కొందరికి ఏళ్ల తరబడి అలాగే ఆగిపోతుంది. కొందరికి పెరిగి పెరిగి బొటనవేలు పక్క వేలి కిందికి దూరిపోతుంది, ఆ పక్క వేలు కొక్కెంలా పైకి లేస్తుంది. బొటనవేలు మొయ్యాల్సిన బరువు పక్క వేలి మీద పడి అరికాల్లో ఆనెకాయలు కాస్తాయి.

ఎందుకొస్తుంది? మొదటి కారణం అమ్మో, నాన్నో, అమ్మమ్మో. పాదం ఆకారం వంశంలో వస్తుంది. కీళ్లు బాగా వదులుగా వుండేవాళ్లకీ, చదును పాదం వాళ్లకీ ఎక్కువ. కీళ్లవాతం వున్నవాళ్లకీ వస్తుంది. ఆడవాళ్లలో ఎక్కువ. చెల్లాయ్, ఒక పని చెయ్యి. ఇవాళ సాయంత్రం మీ అమ్మగారు కాళ్లు కడుక్కుంటుంటే ఓసారి ఆ పాదాలు చూడు. నాకెందుకో అక్కడ నీ పాదాలే కనిపిస్తాయనిపిస్తోంది.

రెండో కారణం పాదరక్షలు. దీని మీద రెండు ముచ్చట్లు చెబుతాను, నాకు భలే ఇష్టం. హాంకాంగ్‌లో డాక్టర్లు 1958లో ఒక పరిశోధన అచ్చు వేశారు. బూట్లు తొడిగే చీనా వాళ్లనీ, పడవల మీద బతుకుతూ కాలికి ఏమీ తొడగని చీనా వాళ్లనీ పక్కపక్కన పెట్టి పాదాలు చూశారు. బూట్ల వాళ్లలో నూటికి 33 మందికి బొటనవేలు వంకర. వొట్టి కాళ్ల వాళ్లలో నూటికి ఇద్దరికి. ఇక్కడ ఆ ఇద్దరినీ మర్చిపోకండి. చెప్పే తొడగనివాళ్లకి కూడా వచ్చిందంటే పుట్టుకతో వచ్చే గుణం వుందనేగా. అది వున్న పాదాన్ని ఇరుకు బూటులో పెడితే ఇంకేం చెప్పాలి!

రెండోది ఇంగ్లండులో కేంబ్రిడ్జి వూరి సంగతి. అక్కడి పాత సమాధుల్లో దొరికిన 177 మంది ఎముకలు పరీక్షించి 2021లో ఫలితాలు చెప్పారు. 11 నుంచి 13వ శతాబ్దం దాకా బతికినవాళ్లలో నూటికి ఆరుగురికే ఈ వంకర. 14, 15 శతాబ్దాల వాళ్లలో 27 మందికి! మధ్యలో ఏం జరిగిందయ్యా అంటే, ముందు భాగం సూదిలా కోసుగా వుండే బూట్ల ఫ్యాషన్ వచ్చింది. అందరికన్నా ఎక్కువ ఎవరికనుకున్నారు? మఠంలో సన్యాసుల చోట పాతిపెట్టినవాళ్లకి, నూటికి 43 మందికి. సన్యాసులకీ ఫ్యాషనేనా అని నాకు బోలెడు నవ్వొచ్చింది. అయితే నవ్వలేని సంగతొకటి అందులోనే వుంది. వంకర వేళ్లున్న పెద్ద వయసు వాళ్ల ఎముకల్లో, కింద పడితే విరిగే రకం విరుపులు ఎక్కువగా కనిపించాయట. పాదం తిన్నగా లేకపోతే తూలి పడతారన్నమాట.

ఇక మన సంగతి. పాతికేళ్లు దాటనివాళ్లకి తెలీదు గానీ, ఎనభైల్లో పాట తీయాలంటే సెట్టు నిండా బిందెలూ, వెనకాల ముప్ఫై మంది మేమూ. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా కాల్షీటు. నాగ్రాలో పాట ముక్క వెయ్యడం, మాస్టారు "వన్ టూ త్రీ ఫోర్" అనడం, మేం ఎగరడం. కాస్ట్యూమ్ వాళ్లు బూట్లు ఒక పెద్ద పెట్టెలో తెచ్చి కుమ్మరించేవాళ్లు. అయిదో నంబరు కాలికి అయిదో నంబరు బూటు దొరికితే ఆ రోజు దేవుడు మనవైపున వున్నట్టే. నాలుగో నంబరు దొరికితే అందులోనే దూర్చుకుని ఎగరాలి. రంగు కలిస్తే చాలు, కాలు ఎవడికి కావాలి? మా గ్రూపులో పదేళ్లు పైబడి చేసినవాళ్లలో పాదాలు బాగున్నవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. చేతి వేళ్ల మీద లెండి.

హీరోయిన్ల కష్టాలు తక్కువేం కాదు. మంచులో షిఫాన్ చీర, కాళ్లకి నాలుగంగుళాల హీల్సు. మడమ ఎంత ఎత్తు లేస్తే ఒంటి బరువు అంతగా ముందుకి, వేళ్ల మీదికి జారుతుంది. దానికి తోడు ముందు భాగం కోసుగా వుంటే, ఆ బరువంతా మోస్తూ అయిదు వేళ్లూ మూడు వేళ్ల చోటులో ఇరుక్కోవాలి. తెర మీద చూసి మనమేమో పండక్కి అదే మోడల్ అడుగుతాం. షాపతను "వాడగా వాడగా సాగుతుంది మేడమ్" అంటాడు. నిజమే, సాగుతుంది. చెప్పా, పాదమా అన్నదే అతను చెప్పడు.

మరి కూచిపూడి వొట్టి కాళ్లతోనే కదా, దానికెందుకొస్తుంది అని చెల్లాయి అడిగింది. మంచి ప్రశ్న. నాట్యం వల్ల కాదు, తప్పు నిలుపు వల్ల బరువు పెరుగుతుంది. అరమండిలో కూర్చున్నప్పుడు పాదాలు పక్కలకి తిరగాలి. ఆ తిరుగుడు తొడ మొదట్లో, తుంటి కీలు దగ్గర రావాలి. అక్కడ తిరగనివాళ్లు పాదాన్ని నేలకేసి మెలితిప్పి "ఇదుగో తిరిగింది" అనిపిస్తారు. అప్పుడు పాదం లోపలి వంపు కిందికి కుంగి, బరువంతా బొటనవేలి లోపలి అంచు మీద పడుతుంది. ఆ పైన రోజూ సిమెంటు నేల మీద అడుగులు. మంచి గురువు ముందుగా చూసేది మీ మోకాలు ఎటు తిరిగిందని. మోకాలు ఒకవైపు, పాదం ఇంకోవైపు చూస్తుంటే ఆ అడవు ఆపించేస్తారు. మీ గురువుగారు ఆపకపోతే మీరే అద్దంలో చూసుకోండి.

ఇప్పుడు వైద్యం. బజార్లో రాత్రి కట్టుకు పడుకునే పట్టీలు, వేళ్ల మధ్య పెట్టుకునే రబ్బరు ముక్కలు బోలెడు దొరుకుతున్నాయి. "నెలలో మీ వేలు తిన్నగా" అని బొమ్మలేసి మరీ అమ్ముతారు. కట్టుకున్నంతసేపు కొందరికి హాయిగా వుంటుంది, దానికి నేను అడ్డు చెప్పను. తీసేశాక వేలు దాని చోటికి అది పోతుంది. ఎముకలు వాలిన వాలుని అవి శాశ్వతంగా సరిచెయ్యలేవు. నూనెలూ, పసర్లూ కూడా అంతే. మర్దనా చేస్తే సుఖంగా వుంటుంది, ఎముక మాత్రం వినదు.

పని చేసేవి చాలా మామూలువి. ముందు భాగం వెడల్పుగా వుండే చెప్పులు, గుబ్బ మీద ఒరుసుకోకుండా మెత్తటి దిండు, చదును పాదం అయితే లోపల వంపుకి ఆసరా ఇచ్చే అట్ట, వాచినప్పుడు గుడ్డలో చుట్టిన ఐసు, కొన్నాళ్లు ఎగుళ్లు తగ్గించడం. సగం మంది బాధ చెప్పు మారిస్తేనే తగ్గుతుందని నాకు చూసిన డాక్టరుగారు అన్నారు. నేను ఎనిమిదేళ్లు అలాగే లాక్కొచ్చాను, బాగానే నడిచింది. తర్వాత రాత్రిళ్లు పడుకున్నా సలుపు. ఏ చెప్పూ పట్టదు. క్లాసులో పిల్లలకి తట్టుమెట్టు చూపించాలంటే కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు వెళ్లాను ఎముకల డాక్టరు దగ్గరికి.

ఎక్స్‌రే నిలబెట్టి తీశారు. పడుకోబెట్టి తీస్తే పాదం బరువు మోసేటప్పుడు ఎంత వంగుతుందో తెలీదట. ఫిల్ము మీద గీతలు గీసి కోణం కొలిచారు. బొటనవేలు 15 డిగ్రీల దాకా వొరిగినా మామూలే. 40 దాటితే తీవ్రం అంటారు. నాది 34. అప్పుడాయన "అమ్మా, నొప్పి కోసమా, అందం కోసమా?" అని అడిగారు. అందం కోసమైతే ఇంటికి పంపించేస్తారట. నేను నొప్పి కోసమే అన్నాను. అందం గురించి అడిగే వయసు దాటిపోయిందని కూడా అన్నాను. ఆయన నవ్వలేదు. పాపం, రోజూ వినే జోకై వుంటుంది.

ఈ ఆపరేషన్ ఒక్కటి కాదు. వందకు పైగా పద్ధతులు వైద్య పుస్తకాల్లో వున్నాయి. ఒక్క రోగానికి ఇన్ని పద్ధతులున్నాయంటే అన్ని పాదాలకీ సరిపోయేది ఒక్కటీ లేదనే కదా అర్థం. వంకర తక్కువగా వుంటే ఎముక తల దగ్గర వి ఆకారంలో కోసి పక్కకి జరుపుతారు. అది షెవ్రాన్. ఇంకాస్త ఎక్కువైతే ఎముక పొడుగునా జెడ్ ఆకారంలో కోసి జరుపుతారు. అది స్కార్ఫ్. వడ్రంగులు రెండు దూలాలు అతికే పద్ధతి నుంచి ఆ పేరొచ్చింది. మొదట్లో కీలే వదులైపోతే అక్కడ రెండు ఎముకలూ కలిపేస్తారు, అది లాపిడస్. వేలి ఎముకలోంచి చిన్న చీలిక తీసి తిన్నగా చెయ్యడం ఏకిన్. కీలు పూర్తిగా అరిగిపోయినవాళ్లకి ఆ కీలునే అతికించేస్తారు. వంగదు కానీ నొప్పి పోతుంది. ఇప్పుడు చిన్న చిన్న రంధ్రాల్లోంచి చేసే పద్ధతి కూడా వచ్చింది. గాటు చిన్నదే గానీ లోపల ఎముక కోసేది కోసేదే, అతుక్కోడానికి పట్టే రోజులు పట్టేవే. "లేజరుతో గంటలో కరిగిస్తాం" అనే ప్రకటనలు చూస్తే మాత్రం పేజీ తిప్పెయ్యండి. వాలిన ఎముకని లేజరు నిలబెట్టదు.

నాకు స్కార్ఫ్, దాంతోపాటు ఏకిన్ చేశారు. పాదానికి మాత్రమే మత్తు. గంట పైన పట్టింది. లోపల ఏదో గరగర చప్పుడు వినిపిస్తుంటే నేను కళ్లు మూసుకుని అన్నమయ్య కీర్తనలు లెక్కపెట్టుకున్నాను. మర్నాడే ఇంటికి. అసలు సినిమా అక్కడ మొదలైంది. మొదటి రెండు వారాలు కాలు గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద. బాత్‌రూముకు తప్ప లేవకూడదు. నడిచినా గట్టి అడుగున్న పెద్ద బూటు లాంటిది తొడుక్కుని మడమ మీద నడవాలి. అలా ఆరు వారాలు. కుడికాలు కాబట్టి స్కూటీ ముట్టుకోలేదు. కుట్లు తీశాక బొటనవేలిని చేత్తో పైకీ కిందికీ వంచే వ్యాయామం. అది బద్ధకిస్తే వేలు బిగుసుకుపోతుంది. ఎంత నొప్పో చెబితే మీరు ఆపరేషన్ పేరెత్తరు, అందుకని చెప్పను. మూడో నెలలో మామూలు వెడల్పు బూట్లు. అయిదో నెలలో మొదటి అడవు. వాపు పూర్తిగా పోవడానికి ఇంచుమించు ఏడాది.

ఫలితం? నొప్పి పోయింది. రాత్రి నిద్ర పడుతోంది. గంటన్నర క్లాసు కుర్చీ లేకుండా చెబుతున్నాను. కానీ మునివేళ్ల మీద లేస్తే ఆ బొటనవేలు ఇదివరకంత వంగదు. వేలి పక్కన రూపాయి బిళ్లంత చోటు ఇప్పటికీ మొద్దుబారి వుంటుంది. ఇవి జరగొచ్చని డాక్టరుగారు ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. ఇంకా వున్నాయి ఆ కాగితంలో: చీము పట్టడం, ఎముక అతుక్కోకపోవడం, పక్క వేలి కింద కొత్త నొప్పి, కాల్లో రక్తం గడ్డకట్టడం, కొన్నేళ్లకి వంకర మళ్లీ రావడం. నూటికి ఎక్కువమందికి బాగానే అవుతుంది. అవని కొద్దిమందిలో మనం వుండమని ఎవరూ రాసివ్వరు.

వయసైపోయిన డాన్సు టీచరుకి మునివేళ్ల మీద కాస్త తక్కువ లేస్తే వచ్చే నష్టం లేదు. పందొమ్మిదేళ్ల పిల్లకి? అందుకే ప్రపంచంలో ఎక్కడైనా సరే, నాట్యమే వృత్తిగా వున్నవాళ్లకి ఈ ఆపరేషన్ సాధ్యమైనంత వెనక్కి జరపమని డాక్టర్లు చెబుతారు. బ్యాలే వాళ్లయితే స్టేజీ దిగాకే చేయించుకోమంటారు. తిన్నటి వేలు కంటే వంగే వేలు డాన్సరుకి విలువైంది.

ఇప్పుడు చెల్లాయ్, నీతో. నొప్పి లేదని నువ్వే రాశావు. నొప్పి లేని పాదానికి కత్తి పెట్టే మంచి డాక్టరు దొరకడు. దొరికితే ఆ డాక్టరు దగ్గర్నుంచి ముందు లేచి వచ్చెయ్. రెండో లెక్క చూడు. సంక్రాంతికి చేయించుకుంటే ఏప్రిల్‌కి మూడు నెలలు. అప్పటికి నువ్వు వెడల్పు బూటులో బజారుకెళ్లి కూరగాయలు తేగలవు. ముప్ఫై మందిలో ముందు వరసలో గెంతలేవు. అంటే ఏ సెలక్షన్ కోసం ఆపరేషన్ అంటున్నావో ఆ సెలక్షనే పోతుంది. పైగా ఇంట్లో చెప్పకుండా ఎలా కుదురుతుందమ్మా? ఆరు వారాలు కాలెత్తుకు పడుకుంటే అన్నం ఎవరు పెడతారు?

ఆ గొలుసు మెళ్లోనే వుంచుకో. అందులోంచి ఒక్క లింకు విలువ కూడా కాని డబ్బుతో, ముందు వెడల్పుగా, అడుగు వంగేటట్టుగా వున్న డాన్సు బూట్లు ఒక జత కొనుక్కో. ఒకసారి మీ అమ్మగారినే తోడు తీసుకుని ఎముకల డాక్టరుకి చూపించు, నిలబెట్టి ఎక్స్‌రే తీయించు. ఇప్పటి కోణం కాగితం మీద వుంటే, రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ తీసి పోల్చుకోవచ్చు. పెరుగుతోందా, ఆగిందా తెలుస్తుంది. నొప్పి రోజూ వచ్చి, చెప్పులు మార్చినా తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ మాట. అప్పుడు కూడా డాక్టరుని నాలుగు మాటలు అడగాలి. నా పాదానికి ఏ పద్ధతి, ఎందుకు? ఇలాంటివి మీరెన్ని చేశారు? నేను డాన్సరుని, వేలు ఎంత వంగుతుంది? మళ్లీ వస్తే ఏం చేస్తారు? విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్ల దగ్గరే చేయించుకో.

సెలక్షన్లో కాళ్లు చూసి తీసేస్తారని నీ భయం. పదిహేనేళ్లు నేను సెలక్షన్ల బల్ల వెనకాల కూర్చున్నాను. మేం చూసేది తాళం తప్పిందా లేదా, పక్కవాళ్లతో చెయ్యి కలిసిందా లేదా, మూడోసారి చెయ్యమంటే ముఖం మాడ్చిందా లేదా. బొటనవేలు చూసిన మాస్టారుని ఒక్కణ్ణి కూడా నేనెరగను. ఆ అల్లం కొమ్ముల కామెంటు రాసినవాడి పాదాలు ఎలా వుంటాయో మనకేం తెలుసు, వాడు ఫొటో పెట్టలేదుగా.

పాదం పేరెత్తితే మన తెలుగు సినిమాలో 'మయూరి' చెప్పకుండా ఎలా? సుధాచంద్రన్‌కి 1981లో బస్సు ప్రమాదంలో కాలికి గాయమైంది. గాయంలో చీము పాకి, కుడికాలు మోకాలి కింద తియ్యాల్సి వచ్చింది. జైపూరు పాదం పెట్టుకుని 1984లో మళ్లీ స్టేజీ ఎక్కింది. సింగీతం శ్రీనివాసరావుగారు ఆ కథనే ఆవిడతోనే తీశారు. 1986లో హిందీలో 'నాచే మయూరి' అయింది. ఆ జైపూరు పాదాన్ని రూపొందించింది రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ, పి.కె. సేథీ అనే ఎముకల డాక్టరూ. విదేశీ కృత్రిమ పాదాలు బూటు తొడగడానికి చేసినవి. మనవాళ్లు వొట్టి కాళ్లతో నడుస్తారు, గొంతుక్కూర్చుంటారు, పొలం బురదలో దిగుతారు. ఆ అలవాట్లకి సరిపడేట్టు రబ్బరుతో చేశారు వీళ్లు. ఆ సినిమా చూసి ఏడ్చినవాళ్లం అందరం ఆవిడ ధైర్యానికి ఏడ్చాం. నాకు మాత్రం ఆ గాయం గుర్తుండిపోయింది. పాదం దగ్గర చిన్న గాయాన్ని కూడా నేను ఈనాటికీ తేలిగ్గా తీసుకోను.

అన్నట్టు, చెప్పులు కొనేటప్పుడు కాగితం మీద నిలబడి పెన్సిలుతో పాదం చుట్టూ గీసుకోండి. ఆ కాగితం కత్తిరించి షాపుకి పట్టుకెళ్లండి. చెప్పు మీద పెట్టినప్పుడు కాగితం బయటికి వచ్చిందా, ఆ జత వద్దు. సాయంత్రం పూట వెళ్లండి, పాదం అప్పటికి కాస్త వాచి అసలు సైజులో వుంటుంది. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపడా కొనండి. నిలబడితే పొడుగు వేలికీ బూటు కొసకీ మధ్య ఒక బొటనవేలి వెడల్పు చోటుండాలి. హీల్సు అసలే వద్దని నేను అనను. పెళ్లికో ఫంక్షన్‌కో తొడుక్కోండి, ఇంటికి రాగానే విప్పెయ్యండి. కాలేజీకి రోజూ వద్దు. మగపిల్లలు కూడా వినండి. కోసు బూట్లు మీరూ వేస్తున్నారు, సాక్సు లేకుండా వేస్తున్నారు. వేళ్ల సందులు తడిగా వుండి పాచిపోయి దురద పెడుతుంటే అత్తరు కొట్టడం వైద్యం కాదు. కడిగి, సందులు తుడిచి ఆరబెట్టాలి. ఒకే జత రోజూ కాకుండా రెండు జతలు మార్చి మార్చి తొడిగితే బూటు లోపల ఆరుతుంది. గోళ్లు మూలలు గుండ్రంగా చెక్కకుండా తిన్నగా కత్తిరించండి, లేకపోతే అంచు కండలోకి దిగుతుంది.

ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్ల గురించి. నాన్నగారికో నానమ్మకో షుగరుంటే వాళ్ల పాదాలు మీ బాధ్యత అనుకోండి. షుగరు ముదిరితే పాదంలో స్పర్శ తగ్గుతుంది. చెప్పు కరిచినా, మేకు దిగినా తెలీదు. తెలిసేసరికి పుండు. వాళ్లు ఇంట్లో కూడా చెప్పు లేకుండా నడవకూడదు. గుడి ప్రదక్షిణాల్లో ఎండకి కాలిన బండల మీద మరీను. బొటనవేలి గుబ్బ కూడా వుంటే ఒరుసుకునే చోటు ముందు అదే. రాత్రి పడుకునే ముందు వాళ్ల అరికాలు, వేళ్ల సందులు రెండు నిమిషాలు చూడండి. ఎర్రబడినా, బొబ్బ వున్నా, రంగు మారినా డాక్టరుకి చూపించండి, మర్నాటికి వాయిదా వెయ్యకండి. ఆనెకాయల్ని బ్లేడుతో కోయనివ్వకండి. మందుల షాపులో దొరికే ఆనెకాయ పట్టీల్లో చర్మాన్ని కరిగించే ఆమ్లం వుంటుంది, షుగరువాళ్లకి అవి పనికిరావు.

ఏలూరు నుంచి ఒక తమ్ముడు, బ్రేకు డాన్సు చేస్తే మోకాలు కలుక్కుమంటోందని రాశాడు. మోకాలు పాదం కంటే పెద్ద కథ. వచ్చే వారం ఈ పేజీలోనే చెబుతాను. అందాకా తమ్ముడూ, నేల మీద మోకాలితో జారడం ఆపు.